ఒకసారి చూడొచ్చు – ‘టార్చిలైటు’ వ్యాఖ్యా సహితం

అవతారిక

కొలిచెలమ మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాయబోతూ, ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. మెదకు సీమవాడు, మాట మీద నిలబడ్డాడు. ఈ వ్యాఖ్యాత అలాంటి మాటేమీ ఇవ్వడం లేదు. వ్యాఖ్యానించబోయే మూలంలోనే ఆధారం తక్కువ, అక్కర అంతకన్నా తక్కువ. అయినా ప్రతి శుక్రవారం పొద్దున వెలువడి, ఆదివారం రాత్రికల్లా ఓ నిర్మాత జాతకం తేల్చేసే వాక్యాలివి. ఊరూపేరూ లేని శతకాలకు కూడా టీకా తాత్పర్యాలు అచ్చువేసిన వావిళ్లవారి కాలంలో ఇవి లేకపోవడం మన సాహిత్యం చేసుకున్న పాపం.

సంజీవని, ఘంటాపథం, దీపిక అంటూ వ్యాఖ్యలకు పేర్లు పెట్టడం పెద్దల ఆచారం. దీనికి ‘టార్చిలైటు’ అని పేరు. ఆట మొదలయ్యాక వచ్చినవాడికి గేటుమన్ చూపించే లైటు అది. సీటు దాకా దారి చూపిస్తుంది, సినిమా చూపించదు. టీక పనీ అంతే.

మూలం పుట్టిన చోటు హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కనున్న ప్రసాద్స్. అక్కడ ఐమ్యాక్స్ తెర పోయి చాలా ఏళ్లయింది, జనం నోట పేరు మాత్రం పోలేదు. కాలం మొదటి ఆట వదిలిన వేళ. చీకట్లోంచి ఒక్కసారిగా ఎండలోకి వచ్చి కళ్లు చికిలించుకుంటున్న కుర్రాడు. జుట్టులో ఎర్ర కాగితం ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది, అన్న ఎంట్రీకి ఎగరేసినప్పటిది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఎదురుగా ఛానెల్ పేర్లు అంటించిన మైకులు అరడజను, కర్రలకు తగిలించిన ఫోన్లు మరో అరడజను. “ఎలా ఉంది బ్రో?” అని ప్రశ్న. అప్పుడు మూలకర్త ఇలా పలికాడు.

మూలం

ఫస్టాఫ్ అదిరింది బ్రో. సెకండాఫ్ కొంచెం ల్యాగ్. అన్న మాత్రం చింపేశాడు. డైరెక్టరే వాడుకోలేదు. బీజీఎం వేరే లెవెల్. ఫ్యామిలీతో వెళ్లొచ్చు. ఓవరాల్‌గా ఒకసారి చూడొచ్చు.

ప్రతిపదార్థము

ఫస్టాఫ్ = సమోసాకు పూర్వమందలి భాగము; అదిరింది = (తెర గాని, కుర్చీ గాని, గుండె గాని) కంపించినది; బ్రో = ఓ అపరిచితుడా; సెకండాఫ్ = సమోసాకు పిదపనున్న భాగము; కొంచెము = మిక్కిలి; ల్యాగ్ = సాగతీత; అన్న మాత్రము = అన్న యొక్కడే, తక్కినవారు కారని భావము; చింపేశాడు = మెచ్చదగినట్లు నటించెను; డైరెక్టరే = దర్శకుడు దప్ప మరియొకడు కాడు; వాడుకోలేదు = ఇంత గొప్ప అన్నను చేతబెట్టుకొనియు వృథా చేసెను; బీజీఎం = మాటలు వినబడనీయక మ్రోగు నేపథ్యధ్వని; వేరే లెవెల్ = ఏ లెవెలో చెప్పశక్యము గానిది; ఫ్యామిలీతో = (తన వారు గాక) ఇతరుల ఇంటివారితో; వెళ్లొచ్చు = వెళ్లినచో తల దించుకొనవలసిన పనిలేదు; ఓవరాల్‌గా = పైన జెప్పినదంతయు మరచి; ఒకసారి = (తాను సాయంకాలపు ఆటకును టికెట్టు కొనియుండియు) ఒక్క పర్యాయము; చూడొచ్చు = చూచిన చూడవచ్చును.

వ్యాఖ్య

ముందుగా ఒక సంగతి. ఇన్ని మాటల్లో సినిమా పేరు లేదు. కథ లేదు. అన్న ఎవరో కూడా లేదు. ఇది ఏ సినిమాకు చెప్పిన మాట అంటే, ఏ సినిమాకైనా అతుకుతుంది. తార్కికులు దీన్ని అతివ్యాప్తి దోషమంటారు. ఆవుకు కొమ్ములుంటాయి అని లక్షణం చెబితే గేదె కూడా వచ్చి నిలబడుతుంది కదా, ఆ దోషం. మూలకర్త మీద జాలిపడేవాళ్లు ఇది తెలియక చేసిన దోషమనుకుంటారు. తెలిసే చేశాడు. సినిమా గురించి మాట్లాడితే ఎక్కడో ఓ చోట దొరికిపోతాడు. సినిమా గురించి కాకుండా సినిమా చుట్టూ మాట్లాడటమే ఇందులో విద్య.

ఇక ఫస్టాఫ్, సెకండాఫ్. ప్రపంచంలో చాలా దేశాల్లో సినిమా ఒకటే ఉంటుంది. మనకు ఒక టికెట్టు మీద రెండు సినిమాలు, మధ్యలో మూత్రశాల దగ్గర క్యూ. పాత సినిమాల్లో ఆ చోట ‘విశ్రాంతి’ అని అందమైన అక్షరాలతో కార్డు పడేది. ఇప్పుడు ఆ విశ్రాంతికి ముందు ప్రేక్షకుడికి విశ్రాంతి లేకుండా చేయాలన్నది నియమం, దాన్నే ఇంటర్వెల్ బ్యాంగ్ అంటారు. 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్‌లో భీముడు లారీ నిండా పులుల్నీ తోడేళ్లనూ తెచ్చి దొరవారి విందులోకి వదులుతాడు. ఒకవైపు నిప్పు, ఒకవైపు నీళ్లు, మధ్యలో ఇద్దరు హీరోలు కలబడతారు. అప్పుడు పడుతుంది ఇంటర్వెల్ కార్డు, అందులోనూ మూడు ఆర్‌లు. నెట్‌ఫ్లిక్స్‌లో చూసిన పరదేశీయులకు ఆ కార్డు పడింది గానీ లేచి వెళ్లడానికి సమోసా లేదు. అంత విందు తర్వాత చేయి కడుక్కునే వ్యవధి కూడా లేకుండా వాళ్లు సెకండాఫ్‌లో పడ్డారు. అయినా మెచ్చుకున్నారంటే వాళ్ల ఓపికను మెచ్చుకోవాలి.

ఇలా మధ్యలో శిఖరం కట్టినప్పుడు తర్వాత దిగుడే ఉంటుంది. అందుకే ‘సెకండాఫ్ కొంచెం ల్యాగ్’ అన్నది విమర్శకన్నా భౌగోళిక సత్యానికి దగ్గర. కొండ ఎక్కినవాడు దిగక తప్పదు. 1932లో మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాద చూసి బయటికొచ్చినవాళ్లలో కూడా ఎవరో ఒకరు ఈ మాట అనే ఉంటారని ఈ వ్యాఖ్యాత అనుమానం. స్తంభం పగిలే ఘట్టాన్ని ఇంటర్వెల్‌కే పెట్టి ఉంటే ఇంకా గట్టిగా అనేవారు.

‘ల్యాగ్’ అనే మాట నిడివికి సంబంధించింది కాదని గ్రహించాలి. 1977 సంక్రాంతికి వచ్చిన దానవీరశూరకర్ణ మూడున్నర గంటలు దాటిన సినిమా. ఎన్టీ రామారావు అందులో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు, ఆపైన దర్శకుడు. సమాసాల మీద సమాసాలుగా దుర్యోధనుడు సభలో మాట్లాడుతుంటే నేల టిక్కెట్టువాళ్లు నోరు తెరుచుకుని విన్నారు, ఇళ్లకు వెళ్లి అప్పజెప్పారు. ఆ సంభాషణలకు ప్రతిపదార్థం అడిగితే అర్థం చెప్పగలిగినవాళ్లు పదిమందిలో ఒకరు. ల్యాగ్ అన్నవాడు లేడు. ఇప్పటి ల్యాగ్ జేబులో ఉంటుంది. తెర మీద తల్లి ఏడుస్తూ ఉండగా కుర్రాడి చేయి తనంతట తాను జేబులోకి వెళ్లి ఫోను తీస్తే, ఆ క్షణం నుంచి సినిమాకు ల్యాగ్ పట్టినట్టు. ఇందులో తల్లి పాత్రధారిణి దోషమేమీ లేదు.

కొంచెం = మిక్కిలి అని ప్రతిపదార్థంలో రాయడం మీద ఒక ఆక్షేపణ రావచ్చు. సమాధానం: మైకు ముందు ‘కొంచెం’ అన్నవాడు చాయ్ బండి దగ్గరికెళ్లి ఏమన్నాడో కింద పాఠాంతరాల్లో ఉంది, చూసుకోండి.

అన్న

ఇక్కడ కాస్త ఆగాలి. ఈ మూలానికి ప్రాణం ఈ పదంలో ఉంది.

తెలుగు సినిమా మొత్తం ఓ ఉమ్మడి కుటుంబం. రామారావు ఒక్కరే అన్నగారు, ఆ ‘గారు’ మరొకరికి చెల్లదు, అడిగే సాహసమూ ఎవరూ చేయలేదు. ఆ తర్వాతి తరంలో చిరంజీవి అన్నయ్య, 2000లో ఆ పేరుతోనే ఓ సినిమా కూడా వచ్చింది. వెంకటేష్‌ది వెంకీ మామ అనే వరస. బాలకృష్ణ బాలయ్యబాబు. ప్రభాస్ డార్లింగ్, ఇది ఏ వరసలోకి వస్తుందో ధర్మశాస్త్రాలు చెప్పలేదు. తక్కిన హీరోలంతా అన్నలే. అరవై దాటిన హీరోను పందొమ్మిదేళ్ల కుర్రాడు ‘అన్న’ అంటాడు. వాళ్ల నాన్న కూడా ఆయన్ను అన్నే అంటాడు. ఆ లెక్కన తండ్రీ కొడుకులు అన్నదమ్ములవుతారు, ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు.

ఈ చుట్టరికంలో ఒక చిక్కుంది. ఒకే సినిమాలో ఇద్దరన్నలుంటే? 2013లో సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు తీసినప్పుడు శ్రీకాంత్ అడ్డాల, వెంకటేష్, మహేష్‌బాబుల పాత్రలకు పేర్లే పెట్టలేదు. పెద్దోడు, చిన్నోడు, అంతే. గోదావరి జిల్లా ఇళ్లలో అలా పిలుచుకోవడం మామూలే. అయినా హాల్లోంచి బయటికొచ్చిన ఇద్దరు అభిమానులు వేళ్లు మడిచి లెక్కపెట్టింది, చిన్నోడికి ఎన్ని సీన్లు, పెద్దోడికి ఎన్ని సీన్లు అనే. ఆర్ఆర్ఆర్ తర్వాత ఈ లెక్క ఏ స్థాయికి పోయిందో అందరూ చూశారు. నాటు నాటు పాటకు కీరవాణి, చంద్రబోస్‌లకు 2023లో ఆస్కార్ వస్తే, ఆ పాటలో ఎవరి కాలు ఎక్కువ ఎత్తు లేచిందన్న వాదన ఆస్కార్ వేదిక దిగేలోపే మొదలైంది. ఇద్దరూ ఒక్క కొలతతో కాళ్లు కదపాలని దర్శకుడు పడ్డ యాతన అంతా అక్కడితో గోదాట్లో కలిసింది.

అన్న ‘మాత్రం’ అనడంలో మిగతావాళ్లంతా కొట్టుకుపోయారు. హీరోయిన్ అయితే మూలంలో లేనే లేదు. వ్యాఖ్యాతలు దీన్ని అనుక్తం అంటారు, అంటే చెప్పకుండా వదిలేసింది. వదిలేసినదాని గురించి వ్యాఖ్యాత మాట్లాడవచ్చు గనుక నాలుగు మాటలు. 1957లో మాయాబజార్‌లో రామారావున్నాడు, నాగేశ్వరరావున్నాడు, రంగారావున్నాడు. కానీ పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కి, మరుక్షణం సిగ్గుల మొగ్గైపోయే మాయా శశిరేఖను చూడండి. ఆడపిల్ల రూపంలో ఉన్నది ఘటోత్కచుడని చెప్పడానికి సావిత్రి గ్రాఫిక్స్ వాడలేదు. నడకలో ఒక విసురు, మూతి విరుపులో ఒక రాక్షసత్వం, అంతే. పక్కనున్న రేలంగి ముఖంలో భయం చూస్తే ఎవరు ఎవర్ని ఆడిస్తున్నారో తెలుస్తుంది. తెలుగు తెర మీద అసలు సిసలు మాస్ నటన అది. ఎవరూ ‘అక్క చింపేసింది’ అనలేదు. 2018లో మహానటి వచ్చాక, చూసి వచ్చి కళ్లు తుడుచుకున్నారు. ఆలస్యమైనా సరే.

చింపేశాడు

మెచ్చుకోవడానికి మన కుర్రాళ్లు వాడే క్రియలన్నీ ఆస్తినష్టానికి సంబంధించినవి. చింపేశాడు, ఇరగదీశాడు, కుమ్మేశాడు, ఉతికేశాడు, దుమ్ము లేపాడు, రచ్చ చేశాడు. ఊరి మధ్యలో ఏనుగు తిరిగినప్పుడు పోలీసు స్టేషన్లో ఇచ్చే ఫిర్యాదులో కూడా ఇవే క్రియలుంటాయి. నింద వేషంలో స్తుతి కనుక అలంకారం వ్యాజస్తుతి. ఇందులో మరో సౌకర్యం, నటన బాగుందా లేదా అనే చర్చ పుట్టదు. ‘కరుణరసం బాగా పోషించాడు’ అంటే ఎక్కడ అని అడుగుతారు. ‘చింపేశాడు’ అంటే ఏమి చింపాడని ఎవరూ అడగరు.

డైరెక్టరే వాడుకోలేదు

ఇది వ్యాకరణ ఘట్టం. పిల్లలు దీన్ని కంఠస్థం చేయడం మంచిది. ఆడిన సినిమాకు హీరో కర్త. పోయిన సినిమాకు అదే హీరోది కర్మ.

ఆడిన సినిమాలో క్రియలన్నీ అన్నవే, అన్న చింపాడు, కుమ్మాడు, లేపాడు. పోయిన సినిమాలో అన్న ఏమీ చేయడు, అన్నకు జరుగుతాయి. అన్నను వాడుకోలేదు, అన్నకు కథ దొరకలేదు, అన్నను ముంచేశారు. అప్పుడు కర్త స్థానంలోకి దర్శకుడు వచ్చి కూర్చుంటాడు. ‘డైరెక్టరే’ అన్నచోట ఉన్న ఏకారం ఆ కుర్చీకి కొట్టిన మేకు. నిర్మాత ఏ విభక్తిలోనూ ఉండడు. డబ్బు పెట్టినవాడికి వ్యాకరణంలో చోటు లేదు.

ఈ సూత్రానికి అపవాదం ఒకటుంది, రాజమౌళి. 2012లో ఆయన ఈగ తీశాడు. నాని పాత్ర తొలి అంకంలోనే చచ్చిపోయి ఈగై పుడుతుంది. ఇక అక్కణ్నుంచి హీరో ఈగ. ఆ శుక్రవారం పొద్దున మైకుల ముందు మన మూలకర్తకు వచ్చిన కష్టం పగవాడికి కూడా రాకూడదు. అన్న అందామంటే అన్న లేడు. చింపేశాడు అందామంటే లింగం కుదరదు, చింపేసింది అనాలి. సూది పట్టుకుని కసరత్తు చేసే ఈగకు కటౌటు పెట్టి పాలు పోసిన దాఖలా ఎక్కడా కనబడదు. పోస్తే అది అందులో పడి చచ్చేది. అన్న లేకపోయినా జనం ఈలలు వేశారు, సినిమా జాతీయ అవార్డు కూడా తెచ్చుకుంది. అభిమాన శాస్త్రం మొత్తానికి ఇంత ఇరకాటం తెచ్చిన సినిమా మరొకటి లేదు, అందుకే శాస్త్రకారులు దాని ఊసెత్తరు.

బీజీఎం వేరే లెవెల్

తాత్పర్యం స్పష్టం. చెవులు ఇంకా గింగురుమంటున్నాయి కనుక ఇంతకన్నా వివరించలేం. 1989లో శివకు ఇళయరాజా ఇచ్చిన నేపథ్య సంగీతంలో కొన్నిచోట్ల నిశ్శబ్దం కూడా ఉండేదని పెద్దలు చెబుతారు. నేటి పిల్లలకు అది హాలు స్పీకరు పాడైనట్టనిపించవచ్చు.

ఫ్యామిలీతో వెళ్లొచ్చు

ఈ మాట అన్నవాడు పొద్దున ఎనిమిదింటి ఆటకు ఆరుగురు స్నేహితులతో వచ్చాడు. ఇంట్లో కోచింగ్ క్లాసని చెప్పాడు. అయినా లోకక్షేమం కోరి ఇతరుల కుటుంబాల గురించి ఆలోచిస్తున్నాడు.

ఫ్యామిలీతో వెళ్లదగిన సినిమా అంటే ఏమిటి? ఇక్కడ ఒక పూర్వపక్షం. హింస లేనిదని కొందరంటారు. అది నిలబడదు. 2017లో బాహుబలి రెండో భాగంలో ఆడవాళ్ల మీద చేయి వేసినవాడి వేళ్లు దేవసేన నరుకుతుంది. సభలో విచారణ జరుగుతుంటే అమరేంద్రుడు వచ్చి, శిక్ష చాలలేదని వాడి తలే తీసేస్తాడు. కుటుంబాలు కుటుంబాలుగా చప్పట్లు కొట్టారు, ఒళ్లో కూర్చున్న చంటిపిల్లాడి చేతులు పట్టుకుని వాడిచేత కూడా కొట్టించారు. కాబట్టి తలలు తెగవచ్చు, నెత్తురు తెర దాటి రావచ్చు. హీరో హీరోయిన్ల మొహాలు మాత్రం జానెడు దూరంలో ఆగిపోవాలి. ఆ జానెడు దాటితే తాతయ్యకు దగ్గొస్తుంది, అమ్మ హ్యాండ్‌బ్యాగులో ఏదో వెతుక్కుంటుంది, నాన్న వెనక్కి తిరిగి ఫ్యాన్ వైపు చూస్తాడు. ముద్దుకు దగ్గు, హత్యకు చప్పట్లు. సిద్ధాంతం ఇది. ఇందులో వ్యాఖ్యాతకు సొంత అభిప్రాయం ఉంది గానీ, ఇది ఫ్యామిలీ పత్రిక.

ఒకసారి చూడొచ్చు

మీమాంసకులు వేదవాక్యాలను విడదీసిన కోవల్లో విధి, నిషేధం, అర్థవాదం ఉన్నాయి. ఇది చెయ్యి అంటే విధి. చెయ్యకు అంటే నిషేధం. ఊరికే పొగిడితే అర్థవాదం. ‘చూడొచ్చు’ ఏ కోవలోకి వస్తుంది? విధి కాదు, ఎందుకంటే చూడకపోతే పాపం చెప్పలేదు. నిషేధమూ కాదు. పొగడ్త అంతకన్నా కాదు. దీనికోసం తెలుగువాళ్లు కొత్త కోవ ఒకటి కల్పించుకున్నారు, దాని పేరు మొహమాటం. అన్న సినిమా బాగాలేదని చెప్పడానికి మనసొప్పదు. బాగుందని చెప్పి, తర్వాత ఎవడైనా డబ్బులు పోయాయని తిడితే పడటానికి ఒళ్లొప్పదు. రెండింటి మధ్య ఈ ‘-వచ్చు’ వచ్చి కాపాడుతుంది. చూస్తే నీ ఇష్టం, చూడకపోతే నీ ఇష్టం, నన్ను మాత్రం ఏమీ అనకు.

‘ఒకసారి’ అనడంలో ఇంకో ధ్వని ఉంది. రెండోసారి చూడలేవని. చూడొచ్చులో కూడా మెట్లున్నాయి. ‘థియేటర్లోనే చూడాలి’ పై మెట్టు. ‘ఒకసారి చూడొచ్చు’ నడిమి మెట్టు. ‘ఓటీటీకి వచ్చాక చూడు’ కింది మెట్టు. ఇంకా కిందికి పోతే ‘ట్రైలర్ చూశావుగా, చాల్లే’. వెనకటికి ఓ సినిమా జాతకం తేలాలంటే వంద రోజులు ఆగేవాళ్లు, షీల్డులు పంచేవాళ్లు. ఇప్పుడు మధ్యాహ్నం భోజనాల వేళకు ఏ మెట్టో తేలిపోతుంది, సాయంత్రానికి సక్సెస్ మీట్ కూడా అయిపోతుంది. ఆ మీట్‌లో దర్శకుడు ఏడిస్తే అది ఏ మెట్టుకు ఏడుపో పత్రికలవాళ్లకు తెలుసు.

పాఠాంతరాలు

ప్రాంతాల తాళపత్రాల్లో మొదటి వాక్యం రకరకాలుగా ఉంది. కరీంనగర్ ప్రతిలో ‘ఫస్టాఫ్ మస్తుందన్నా’. రాజమండ్రి ప్రతిలో ‘అదిరిందండి బాబూ’. అనంతపురం ప్రతిలో ‘బాగుందప్పా’. శ్రీకాకుళం ప్రతిలో ‘బాగుంది బావూ’. సెకండాఫ్ సంగతి దగ్గరికి వచ్చేసరికి అన్ని ప్రతులూ ఒకటే, ‘ల్యాగ్’. రెండు రాష్ట్రాలైనా ఈ ఒక్క విషయంలో తెలుగుజాతి ఐక్యంగా ఉంది.

అసలు తేడాలు వినేవాళ్లను బట్టి వస్తాయి. అదే మూలకర్త, అదే రోజు. చాయ్ బండి ప్రతి: ‘సెకండాఫ్ సోది రా మామా, నిద్రొచ్చింది.’ ఇంటి ప్రతి: ‘క్లాసు బాగా జరిగిందమ్మా.’ అవతలి హీరో అభిమానికి ఫోనులో: ‘మీవాడి లాస్ట్ సినిమాకన్నా వంద రెట్లు నయం.’ ఈ ఆఖరిదాన్ని పండితులు సాపేక్ష పాఠం అంటారు. ఇందులో సినిమా గుణం సున్నా, ఎదుటివాడి గుణం మైనస్సు, కాబట్టి సున్నాయే పెద్దదవుతుంది.

వీటిలో ఏది మూలం? మైకు ముందు చెప్పిందా, చాయ్ దగ్గర చెప్పిందా? చాయ్ దగ్గర చెప్పిందే నిజమని పైకి తోస్తుంది. కానీ చాయ్ దగ్గర ఎవరూ తమ అభిమానాన్ని చూపించుకోకూడదు, అక్కడ అందరూ వేదాంతులు. కాబట్టి అదీ కొంత నటనే. మనిషి సినిమా గురించి నిజం చెప్పేది టికెట్టు చింపి ఇచ్చేటప్పుడు గేటుమన్‌కు మాత్రమే, అప్పటికింకా సినిమా చూడలేదు.

కాలాంతర పాఠం

ఇది విడిగా చెప్పుకోవాల్సింది. 2010 అక్టోబరులో ఖలేజా వచ్చింది. మూలకర్తల గురువులు ఆ రోజు హాల్లోంచి బయటికొచ్చి చెప్పింది ఇక్కడ రాయలేం. దేవుడేంటి, ట్యాక్సీ డ్రైవరేంటి, కామెడీ ఏంటి అన్నారు. తర్వాత టీవీలో వచ్చింది. అన్నం తింటూ చూశారు, చదువుకుంటూ చూశారు, పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల ఎదుట కూడా చూశారు. చూడగా చూడగా అందులో డైలాగులు ఇంటి సామెతలైపోయాయి. 2025 మేలో మళ్లీ విడుదల చేస్తే, ఆ రోజు తిట్టినవాళ్లే తెల్లవారుజామున లేచి వెళ్లి, మహేష్ కంటే ముందే డైలాగు చెప్పేశారు. 2010లోనే నవంబరులో వచ్చిన ఆరెంజ్‌దీ ఇదే కథ. వచ్చినప్పుడు నిర్మాత నాగబాబును నిండా ముంచిన సినిమా, 2023లో రామ్‌చరణ్ పుట్టినరోజుకు మళ్లీ వేస్తే పాట పాటకూ హాలంతా లేచి పాడింది. ప్రేమ జీవితాంతం ఉండదని చెప్పే సినిమా మీద పన్నెండేళ్ల ప్రేమ.

‘మేమప్పుడే చెప్పాం’ అన్నది ఈ కాలాంతర పాఠంలో మొదటి వాక్యం. ఎవరూ చెప్పలేదు. చెప్పినవాళ్లు ఎక్కడో ఖాళీ హాల్లో ఒక్కరే కూర్చుని చూసి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయినవాళ్లు. 1980లో శంకరాభరణం మొదటి రోజుల్లో హాళ్లు ఖాళీగా ఉన్నాయని చెబుతారు. హీరో వయసు మళ్లిన సంగీతం మాస్టారు, ఫైట్లు లేవు, కటౌటు పెట్టడానికి బుగ్గ మీద గాటు కూడా లేదు. ఆ కొద్దిమందీ ఇంటికెళ్లి పక్కింటివాళ్లకు చెప్పారు. మైకుల్లేవు, కర్రకు తగిలించిన ఫోన్లు లేవు. వాళ్లు ‘ఒకసారి చూడొచ్చు’ అని మాత్రం అనలేదు. పక్కింటాయన చేయి పట్టుకుని, ‘పదండి, నేనూ మళ్లీ వస్తాను’ అన్నారు.

ప్రక్షిప్త విచారణ

మూలంలో ఏడు వాక్యాలే ఉన్నాయని ఇంతవరకూ అనుకున్నాం. ప్రత్యక్షంగా విన్నవాళ్లు ఎనిమిదో వాక్యం ఒకటుందంటారు. మైకు పక్కకు తిరిగి ఇంకో కుర్రాడి మూతి దగ్గరికి వెళ్తుండగా, మూలకర్త రెండడుగులు వేసి, కెమెరా పట్టుకున్నతని భుజం తట్టి అన్నాడట:

“అన్నా, ఇది ఎప్పుడొస్తది? ఏ ఛానెల్?”

కెమెరాలో ఈ మాట లేదు గనుక ఇది తర్వాతెవరో చేర్చిందనీ, మూలకర్తకు అంటగట్టకూడదనీ కొందరు పండితుల వాదం. శైలి వేరుగా ఉందన్నది వాళ్ల యుక్తి. పై ఏడింటిలో మాట మాటకూ ఒక తెలివి, ఒక జాగ్రత్త ఉన్నాయి, ఈ ఒక్కదాంట్లో అవేవీ లేవు. ఆత్రం తప్ప. గొంతు కూడా మారిందట, బొంగురు పోయి మామూలు గొంతు వచ్చిందట. ఇందులో ‘అన్న’ కూడా తెర మీది అన్న కాదు, ఎదురుగా చెమటలు కక్కుతూ నిలబడ్డ కెమెరా అన్న.

సరిగ్గా ఆ కారణాల వల్లే ఈ వ్యాఖ్యాతకు ఇదొక్కటే మూలమనీ, పై ఏడూ ప్రక్షిప్తాలనీ తోస్తున్నది.